జేజినాయనకు సమాధి వెతికిన శుక్రవారం

నా నోటుపుస్తకం కలీం తాత ఒళ్లో ఉంది.

ఆయన దాన్ని చదవడం లేదు. అట్ట మీద అరచెయ్యి ఆనించి సోఫా అంచున కూర్చున్నాడు. చెయ్యి తీస్తే అది లేచి ఎక్కడికో పోతుందన్నట్టు.

"ఎవురు తీసినారు?" అన్నాను.

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి కొంగుతో చేతులు తుడుచుకుంటోంది. తుడుచుకుంటూనే ఉంది.

పరుపు కింద, దుప్పటి మడతలో దాచిన పుస్తకం అది. మా ఇంట్లో దుప్పట్లు ఉతికేది అమ్మే.

"నేను చదవలేదే సనూ," అంది అమ్మ. "మీ జేజినాయన పేరు కనపడింది. భయమేసి మీ నాయన చేతికిచ్చినా. అంతే."

నాయన చదివాడు. చదివి, నన్ను ఒక్క మాట అడగకుండా, దుబాయ్ నైఫ్ బజారులో ఉన్న కలీం తాతకు ఫోన్ చేశాడు. జుమ్మా నమాజు కాగానే తాత టాక్సీ ఎక్కి అజ్మాన్‌కు వచ్చేశాడు. ఆయన మా జేజినాయనకు, అంటే నాయన తండ్రికి, సొంత తమ్ముడు. నాయన పని చేసేది ఆయన సూట్‌కేసుల దుకాణంలోనే. నాయన వీసా ఆయనకు పూచీగా ఉన్న అరబ్బు కఫీల్ పేరు మీద ఉంది. అమ్మదీ నాదీ నాయన వీసాను పట్టుకుని వేలాడుతున్నాయి.

ఇంట్లో లేనిది జేజి, నాయన తల్లి, ఒక్కతే. గాలివీడు పక్క మా పల్లె నుంచి వచ్చి పది రోజులైనా సముద్రం చూడలేదని, ఎదురింటి అనంతలక్ష్మి ఆంటీ ఆమెను కార్నిష్‌కు తీసుకెళ్లింది. గంటలో వచ్చేస్తారు. ఆ గంటలోపల నా సంగతి తేల్చాలని ముగ్గురూ కూర్చున్నారు.

"చదువు హయాతూ," అన్నాడు తాత, పుస్తకం నాయనకు ఇస్తూ. "పోలీసోళ్లకన్నా బాగా రాసిందంట గదా."

"ఇప్పుడెందుకులే చిన్నాయనా..."

"చదువు."

నాయన చదివాడు. నేను రాసిన మాటలు ఆయన నోట్లో ఎవరో రాసినట్టు వినిపించాయి.

"'జేజినాయన ఇమాం కాశిం. ఇరవై రెండేళ్లు. 1970లో తమ్ముడితో కలిసి బొంబాయిలో దొంగ లాంచీ ఎక్కాడు. ఖోర్ ఫక్కాన్ ఒడ్డు ఇంకా దూరంగా ఉండగానే లాంచీ ఆపి, పోలీసులు వస్తారని చెప్పి అందరినీ నీళ్లలోకి దిగమన్నారు. దిగినవాళ్లు ముప్పై ఒక్కమంది. ఒడ్డుకు చేరినవాళ్లు ముప్పై మంది.'"

అక్కడ ఆపేశాడు. తర్వాతి వాక్యం నాకు నోటికొచ్చు. చేరనిది జేజినాయన.

"ఎవురు చెప్పినారు నీకు?" అన్నాడు తాత.

"మొయిదు కాకా."

"యా మొయిదు?"

"ఖోర్ ఫక్కాన్‌లో టీ కొట్టు ఆయనది. పోయిన నెల ఆంటీ వాళ్లతో పిక్నిక్‌కు పోయినప్పుడు, లాంచీల్లో వచ్చిన పాతోళ్లు ఎవురన్నా ఉండారా అని అంకుల్‌తో అడిగించినా. ఆయన గూడా అదే లాంచీలో వచ్చినాడంట. కడప అన్నదమ్ములు బాగా గుర్తుండారన్నాడు. పెద్దోడు మునిగిపోయినాడు, చిన్నోడు మూడు రోజులు ఒడ్డు మీద నుంచి లేయలేదు అని..."

తాత ముఖం గోడ వైపు తిరిగింది.

నేను పుట్టకముందు నుంచీ మా ఇంట్లో ఉన్న కథ వేరు. జేజినాయన దుబాయ్‌లో ఏడేళ్లు తాపీపని చేశాడు. నెలనెలా ఉత్తరం రాశాడు. 1977లో పరంజా మీద నుంచి పడి చనిపోయాడు. తమ్ముడే దగ్గరుండి స్నానం చేయించి, కఫన్ చుట్టి, మట్టి ఇచ్చాడు. ఆ కబురు ఊరికి చేరిన రోజు నుంచి జేజి ఇద్దత్‌లో కూర్చుంది. నాలుగు నెలల పది రోజులు గడప దాటలేదు. పరాయి మగవాడి ముఖం చూడలేదు.

అప్పటికి ఏడేళ్ల కిందటే చనిపోయిన మనిషి కోసం.

నేను వెతకడం మొదలుపెట్టింది ఇది బయటపెట్టాలని కాదు. రెండేళ్ల కిందట నేను విమానం ఎక్కే ముందు జేజి నన్ను పక్కకు పిలిచి ఒకే మాట అడిగింది.

"స్నానం చేపిచ్చింది నేనే అంటాడు కలీం. ముఖం ఎట్లుండెనో, దెబ్బ యాడ తగిలెనో ఎన్నిసార్లు అడిగినా చెప్పడు. నువ్వు చదువుకున్నదానివి. కనుక్కోమ్మే."

మా పల్లెలో మనిషి పోతే ఆడవాళ్లు మొదట అడిగేది అదే. ఎవరు నీళ్లు పోశారు, ముఖం ఎట్లా ఉంది. జేజికి ముప్పై ఏళ్లుగా ఆ జవాబు అందలేదు.

పుస్తకంలో మొదటి పేజీలన్నీ ఆమె చెప్పినవే. జేజినాయన దూదేకేవాడు. చలికాలమంతా ఊరూరా తిరిగి పరుపులు, బొంతలు కుట్టేవాడు. రెప్పల మీద దూది పింజలతో ఇంటికొస్తే, ముసలాయన వచ్చినాడని జేజి ఎగతాళి చేసేది. వాళ్లిద్దరూ కలిసి బతికింది పదకొండు నెలలు. జేజి దగ్గర ఉన్నదంతా నాలుగు పేజీలకు సరిపోయింది. అందుకే మిగతా పేజీల కోసం వెతికాను.

"ఆ ఉత్తరాలు ఎవురు రాసినారు తాతా?"

పెద్దవాళ్ల ముందు నోరెత్తి ఒకటి అడగడం నాకు అదే మొదటిసారి.

"నేనే," అన్నాడు.

అమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఒక్క నెల ఆగి నిజం రాద్దామనుకున్నా. మీ జేజికి అప్పుడు పద్దెనిమిదేండ్లు. ఏడో నెల కడుపుతో ఉండె. ఆ సమయంలో మొగుడు పోయినాడని ఎట్ల రాసేది? కానుపు కానీ అనుకున్నా. కానుపయినాక ఊరి నుంచి ఉత్తరం వచ్చె. మగపిల్లోడు పుట్టినాడు, ఏం పేరు పెట్టాల అని అడిగి రాయించింది. నేనేం చెయ్యాల సనూ? నువ్వే చెప్పు."

"పేరు రాసి పంపించినావు."

"పంపించినా."

నాయన తల వంచుకున్నాడు. హయాత్ బాషా అనే పేరు వాళ్ల నాయన దుబాయ్ నుంచి రాసి పంపించాడని జేజి ఊరంతా చెప్పుకునేది. మొన్న అనంతలక్ష్మి ఆంటీకి కూడా చెప్పింది.

"డెబ్బై ఏడులో నా నికా ఖాయమైంది," అన్నాడు తాత. "ఇద్దరి పేర్లతో బతకడం ఇంక నా చేత కాలేదు."

"అందుకని అప్పుడు చంపేసినావా?"

అమ్మ రెండడుగుల్లో వచ్చి నా చెంప మీద కొట్టింది.

"ఎవురితో మాట్లాడతాండావో తెలుసునా నీకు!"

"కొట్టొద్దు జైబూ," అన్నాడు తాత. "అడగనీ."

చెంప కంటే నాకు ఇంకొకటి మండింది. నాయన వైపు చూశాను. మొయిదు కాకా చెప్పిన రోజు నేను అన్నం తినలేకపోయాను. నాయన ముఖంలో మాత్రం ఆశ్చర్యం లేదు. బొటనవేలితో తివాచీ కుచ్చులు సర్దుతున్నాడు.

"నాయనా, నీకు ఎప్పుడు తెలిసింది?"

కుచ్చులు సర్దుతూనే ఉన్నాడు.

"పొద్దున నా పుస్తకం చదివినాకనా?"

అమ్మ కూడా ఆయన వైపు తిరిగింది. "చెప్పు. పాప అడుగుతాంది గదా."

"నేను ఈడికి వచ్చిన మూడో నెల్లో," అన్నాడు నాయన. "చిన్నాయనే చెప్పినాడు."

"తొంబై ఏడులోనా? పదేండ్లా!" అమ్మ గొంతు పైకి లేచింది. పక్కింటికి వినపడుతుందని గుర్తొచ్చి మళ్లీ దిగింది. "పదేండ్లుగా ఏటేటా ఆ తారీకున నాతో ఫాతెహా చేపిచ్చినావే! మీ నాయనకిష్టమని చేతులు కాల్చుకుని మలీదా చేసినానే! అది దొంగ తారీకని తెలిసి గూడా పక్కన కూర్చుని చేతులెత్తినావా?"

"ఫాతెహా చదివేది మనిషికి. తారీకుకు కాదు."

"నాకన్నా చెప్పుంటే ఏమయ్యేది?"

"నీకు చెప్తే మీ అక్కకు చెప్తావు. మీ అక్క ఊరికి చెప్తుంది."

"మా అక్క ఊసెందుకు ఇప్పుడు! మీ వాళ్లు చేసిన పనికి మా అక్కేం చేసింది?"

ఇంకో రోజైతే నాకు నవ్వొచ్చేది. చిన్నప్పటి నుంచి నాయనకూ నాకూ ఒక అలవాటు ఉంది. ఆయనా అమ్మా సెలవులకు ఊరికొస్తే రాత్రి అన్నాలయ్యాక ఆయనను జేజినాయన కథ చెప్పమనేదాన్ని. ఆయన చెప్పేవాడు. పరంజా ఎంత ఎత్తో చేత్తో చూపించి మరీ చెప్పేవాడు.

"ఇప్పుడు జేజికి చెప్పాల," అన్నాను.

ముగ్గురూ నా వైపు చూశారు. అమ్మ కూడా. అంతవరకు ఆమె నా పక్కన ఉందనుకున్నాను.

"చెప్పి ఏమిస్తావు ఆమెకు?" అన్నాడు నాయన. "పెట్టెలో గుడ్డలో చుట్టి పెట్టుకున్న ఉత్తరాలుండాయి. ఆమెకు మొగుడంటే అవే. అవి గూడా లాక్కుంటావా?"

"అవి ఆయనవి కావు గదా నాయనా."

"ఆమెకు ఆయనవే!"

అమ్మ ఏదో అనబోయి ఊరుకుంది. నాయన నా పుస్తకాన్ని టీపాయ్ మీద పెట్టేశాడు.

తాత గడియారం చూసుకున్నాడు. "వదిన ఆదివారం పోతుంది. సమాధి చూడకుండా పోనంటాంది. సాయంత్రం అసర్ నమాజు కాగానే ఖబరస్తాన్‌కు పోదాం. ఆడోళ్లను లోపలికి రానీరు, గేటు కాడ నిలబెట్టండి. నేనూ హయాతూ లోపలికి పోయి ఒక సమాధి కాడ దువా చేస్తాం. ఆమె చూస్తుంది. ఖలాస్."

"ఎవురి సమాధి మామా?" అంది అమ్మ.

"ఈడ సమాధుల మీద పేర్లు యాడుంటాయి జైబూ? ఇసక దిబ్బ, తలకాడ ఒక రాయి. ఎవురిదైనా ముసల్మానుదే. ఆయనకు గూడా ఒక దువా దొరుకుతుంది."

దుకాణంలో అడిగిన రంగు సూట్‌కేసు లేకపోతే ఇంకో రంగుది చూపించినంత తేలికగా అన్నాడు.

"వదిన నిన్ను అడుగుతుంది సనూ. ఆమె ముఖం చూస్తే తెలుస్తాంది, మమ్మల్ని నమ్మడం లేదు. నిన్ను నమ్ముతుంది. అడిగితే అవునను. ఒక్క మాట."

"నేననను."

నాయన లేచాడు. "అనకుంటే ఆదివారం ఆమెతో పాటు నువ్వు గూడా ఊరికి పో. ఈ ఇంట్లో ఉండాలంటే..." మాట పూర్తి చేయకుండా బాల్కనీలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

అమ్మ వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పింది.

హాల్లో తాతా నేనూ మిగిలాం. పుస్తకం ఆయనే టీపాయ్ మీది నుంచి తీసి నాకిచ్చాడు.

"మొయిదుకు తెలియనిది ఒకటుండాది," అన్నాడు. "రాసుకుంటే రాసుకో."

నేను పుస్తకం తెరవలేదు.

"అన్న దిగనన్నాడు. ఊర్లో బావిలోకి దిగాలంటేనే భయం ఆయనకు. మెట్ల మీద కూర్చుని చెంబుతో పోసుకునేటోడు. లాంచీ అంచు పట్టుకుని వదల్లేదు. లాంచీవాడు కట్టె తీసుకుని ఆయన వేళ్ల మీద కొడతాండాడు. నేను అప్పటికే నీళ్లలో ఉండా. ఈదుతాండా. నా కాలికి నేల తగల్లేదు."

ఆయన తివాచీ మీద ఆనిన తన కాళ్లు చూసుకున్నాడు.

"'నడుము లోతే అన్నా, దిగు' అని అరిచినా. నిలబడుకున్నట్టు భుజాలు పైకి పెట్టి చూపించినా. నా మాట ఆయన యానాడూ కాదనలేదు."

వంటింట్లో కుళాయి చప్పుడు ఆగిపోయింది. మళ్లీ మొదలైంది.

"దెబ్బలు తప్పుతాయనుకున్నా. దిగితే పట్టుకుందామనుకున్నా. నాకూ పద్దెనిమిదేండ్లే గదా... ఇది మీ నాయనకు గూడా తెలియదు. ఇప్పుడు పో. సమాధి లేదని చెప్పు మీ జేజికి. ఎందుకు లేదని అడుగుతుంది. అది గూడా చెప్పు."

ఏడవలేదు ఆయన. జేబులోంచి కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు.

నాకు జాలి వేసింది. దాని వెనకే భయం వేసింది. ముప్పై ఏడేళ్లు ఎవరికీ చెప్పనిది నాకే ఎందుకు చెప్పాడా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆలోచించే కొద్దీ అర్థమైంది. జేజికి అబద్ధం చెప్పి నోరు కట్టాడు. నాకు నిజం చెప్పి కట్టాడు.

కాలింగ్ బెల్ మోగింది.

జేజి చీర మోకాళ్ల దాకా తడిసి ఉంది. నవ్వుతోంది.

"ఏం నీళ్లే అవి! ఊరికే వచ్చి కాళ్లు పట్టుకుంటాయి, మళ్లా సిగ్గుపడి ఎనక్కి పోతాయి."

"మొదట కారే దిగనన్నారమ్మా మీ జేజిగారు," అంది అనంతలక్ష్మి ఆంటీ. "దిగాక నేను రమ్మంటే రారు. అరగంట ఆ నీళ్లలోనే నిలబడ్డారు."

"ఉప్పగుంటాయంటారే, నిజమా అని నోట్లో గూడా పోసుకున్నాలే."

ఎవరూ నవ్వలేదు. ఆంటీ మా ముఖాలు ఒకసారి చూసి, పొయ్యి మీద పప్పు ఉందని వెళ్లిపోయింది.

"ఏందిరా హయాతూ," అంది జేజి. "ఎవురన్నా పోయినారా ఏంది, అందరూ ఇట్ల కూర్చునుండారు?"

"లేదుమా," అన్నాడు నాయన, బాల్కనీ తలుపు దగ్గర నుంచే. "యల్లా, కాళ్లూ చేతులూ కడుక్కుని వుజూ చేసుకో. ఖబరస్తాన్‌కు పోవాల."

జేజి ముఖంలో నవ్వు అట్లాగే ఉండిపోయింది, తీయడం మరిచిపోయినట్టు. తడి చీర మార్చుకోవడానికి లోపలికి పోతూ నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు నాకాడనే ఉండుమ్మే."

కారులో దారంతా ఆ చెయ్యి వదల్లేదు.

ఖబరస్తాన్ గోడ జేజి ఛాతీ వరకు ఉంది. గేటు పక్కన కుర్చీలో ముసలి పఠాన్ కాపలాదారు తస్బీ పూసలు తిప్పుకుంటున్నాడు. లోపల ఎటు చూసినా ఇసుక దిబ్బలే. తలల దగ్గర రాళ్లు. పేరనేది ఎక్కడా లేదు.

తాతా నాయనా లోపలికి వెళ్లారు. తాత ఎంతో దూరం పోలేదు. గేటు దగ్గర నిలబడ్డ ఆడమనిషికి బాగా కనపడాలని కాబోలు, ముందు వరసలోనే ఒక దిబ్బ దగ్గర ఆగాడు. చుట్టూ ఉన్నవాటికన్నా అది నున్నగా, ఎత్తుగా ఉంది. చేతులెత్తాడు. పక్కన నాయన కూడా ఎత్తాడు.

జేజి గోడ మీద ఒక చెయ్యి ఆనించి చూసింది. చాలాసేపు ఆమె పెదవులు కదల్లేదు.

"అదేనామ్మే?"

అమ్మ నా వెనకే ఉంది. ఆమె ఊపిరి నా మెడకు తగులుతోంది.

"వాళ్లు చెప్పింది ఇన్నాలే. నువ్వు చెప్పు. రెండేండ్ల నుంచి కనుక్కుంటాండావు గదా. అదేనా మీ జేజినాయన?"

నాయన చేతులు దువాలో ఉన్నాయి. కళ్లు మాత్రం నా మీద ఉన్నాయి. కలీం తాత నిజంగానే కళ్లు మూసుకున్నాడు.

"అదే జేజీ," అన్నాను.

అమ్మ ఊపిరి వదిలింది.

జేజి కొంగు తల మీదికి లాక్కుంది. "ముఖం ఎట్లుండెనంట?"

"బాగుండెనంట. దెబ్బేం కనపడలేదంట. నిద్రపోయినట్టుండెనంట."

అది చెప్పమని నన్నెవరూ అడగలేదు. నా అంతట నేనే చెప్పాను.

జేజి అప్పుడు ఏడ్చింది. గట్టిగా కాదు. గోడకు నుదురు ఆనించి, చిన్నపిల్లలా వెక్కుతూ ఏడ్చింది. నా చెయ్యి మాత్రం వదల్లేదు. అబద్ధమైతేనేం, ఈమెకు ఈ ఏడుపు దొరికింది కదా అనుకున్నాను. నాయన పదేళ్ల కిందట ఇట్లాగే అనుకుని ఉంటాడని కూడా అనుకున్నాను.

కాపలాదారు కుర్చీలోంచి లేచి వచ్చాడు.

"ఏమవుతాడమ్మా నీకు?" అన్నాడు ఉర్దూలో.

"మా ఇంటాయన." జేజికి ఉర్దూ బాగానే వచ్చు.

"అల్లా నీకు సబర్, ఓర్పు ఇవ్వాలి. ఎన్ని రోజులైంది?"

"ముప్పై ఏండ్లు."

ఆయన జేజిని చూశాడు. లోపల చేతులెత్తి నిలబడ్డ ఇద్దరినీ చూశాడు. పాపం, వాళ్లు పొరపాటు పడ్డారనే అనుకున్నాడు.

"మీవాళ్లు తప్పు చోట నిలబడ్డారమ్మా. ఆ వరస ఈ రంజాన్ అయ్యాక తవ్విందే. ఆ దిబ్బలో మనిషిని మొన్న బుధవారం నేనే దించాను. పాతవి అటు చివర ఉన్నాయి. పేరు చెప్పు, వాళ్లను పిలిచి చూపిస్తాను."

అమ్మ నా భుజం పట్టుకుంది.

జేజి లోపలికి చూసి కలీం తాతను కేకేస్తుందనుకున్నాను. నాయనను పిలుస్తుందనుకున్నాను. ఆమె ఇంకా తడి ఆరని కళ్లతో నా ముఖంలోకే చూస్తోంది. ఏదో అడుగుతుందని ఎదురుచూశాను. అడగలేదు.

నా చెయ్యి వదిలేసింది.

"అమ్మా, ఆడవాళ్లు లోపలికి..." అన్నాడు కాపలాదారు.

జేజి అప్పటికే గేటు తోసింది.